హార్మోన్లను ఏమార్చే రసాయనాల నుంచి ఇంటిల్లిపాది రోగనిరోధక వ్యవస్థను కాపాడుకోవడం ఎలా?

టిఫిన్ సెంటర్లో పొగలు కక్కే సాంబారును పల్చటి కవర్లో పోసి, మూతి ముడేసి చేతికిస్తారు. ఇంటికి చేరే ఇరవై నిమిషాలూ వేడి, నూనె, చింతపండు పులుపు మూడూ కలిసి ఆ కవరు మీద పనిచేస్తూనే ఉంటాయి. దాన్ని ఏ పాత ప్లాస్టిక్‌ను కరిగించి చేశారో అమ్మేవాళ్లకే తెలియదు. ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు తిండిలోకి దిగడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

అలా దిగేవాటిలో కొన్ని ఒంట్లోకి చేరాక హార్మోన్ల వేషం కడతాయి. వీటిని ఎండోక్రైన్ డిస్రప్టర్లు అంటారు. సంతానలేమి గురించో, థైరాయిడ్ గురించో చెప్పేటప్పుడు వీటి పేరు మీరు వినే ఉంటారు. రోగనిరోధక వ్యవస్థను ఇవి ఏం చేస్తాయో మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. అది తెలిస్తే ఇంట్లో ముందు ఏది మార్చాలో, ఏది తర్వాత చూసుకోవచ్చో మీకే తేలిపోతుంది.

ఒంట్లో జరిగేది ఏమిటి?

తెల్లరక్తకణాలకు హార్మోన్ల నుంచి ఎప్పుడూ కబుర్లు అందుతుంటాయి. వాపును అణచమని కార్టిసాల్ చెబుతుంది. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలను ఈస్ట్రోజెన్ తొందరపెడుతుంది. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే ఆటోఇమ్యూన్ జబ్బులున్న ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురు ఆడవాళ్లే కావడానికి ఇదీ ఒక కారణం. ఈ కబుర్లు అందుకోవడానికి కణాల లోపలా పైనా గ్రాహకాలుంటాయి. హార్మోన్‌ను పోలిన రసాయనం వచ్చి వాటికి అతుక్కుంటే, కణం దాన్ని అసలు కబురే అనుకుంటుంది.

బీపీఏ అలాంటిదే. గట్టి పారదర్శక ప్లాస్టిక్‌లోనూ, తిండి నిల్వ చేసే రేకు డబ్బాల లోపలి పూతలోనూ ఉండే ఈ రసాయనం ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇది టీహెచ్-17 అనే ఒక రకం టీ కణాలను (ఇవీ తెల్లరక్తకణాలే) పెంచింది. ఫంగస్, బ్యాక్టీరియాలతో పోరాడడానికి ఆ కణాలు కావాలి, కానీ మోతాదు మించితే ఉబ్బసం, కీళ్లవాతం లాంటి వాపు జబ్బులకు దారి పడుతుంది. ఈ ఒక్క ప్రభావాన్నే ఆధారం చేసుకుని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో బీపీఏ రోజువారీ పరిమితిని ఇరవై వేల రెట్లు తగ్గించింది. అంతకుముందు కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాములుండగా, ఇప్పుడు 0.2 నానోగ్రాములే. అంత తగ్గించనక్కర్లేదని జర్మనీలో ఇలాంటి పనే చేసే ప్రభుత్వ సంస్థ విభేదించింది, అయినా అది పెట్టుకున్న 200 నానోగ్రాముల పరిమితి కూడా పాతదానిలో ఇరవయ్యో వంతే.

నూనె, నీరు అంటకుండా చేసే పీఫాస్ రసాయనాలది వేరే దెబ్బ. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫారో దీవుల పిల్లల మీద జరిపి 2012లో ప్రచురించిన పరిశోధనలో, అయిదేళ్ల వయసులో రక్తంలో పీఫాస్ రెట్టింపు ఉన్న పిల్లలకు ఏడేళ్లు వచ్చేసరికి డిఫ్తీరియా, ధనుర్వాతం టీకాల యాంటీబాడీలు దాదాపు సగానికి సగం తక్కువగా కనిపించాయి. టీకా వేయించినా ఒంటికి సరిగా పట్టలేదన్నమాట. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లకూ పిల్లల్లో ఉబ్బసానికీ, ఎగ్జిమా అనే చర్మపు దురద జబ్బుకూ సంబంధం ఉన్నట్టు స్వీడన్‌లో ఇళ్ల దుమ్మును పరీక్షించిన అధ్యయనంలో తేలింది. చెత్త కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లు జంతువుల్లో, టీ కణాలు శిక్షణ పొందే థైమస్ గ్రంథినే కుంచించుకుపోయేలా చేస్తాయి.

అంటే ఇది రోగనిరోధక శక్తి పెరిగిందా తగ్గిందా అన్న లెక్క కాదు. పనిచేయాల్సిన చోట పనిచేయకపోవడం, అక్కర్లేని చోట రెచ్చిపోవడం, రెండూ జరుగుతాయి. ఇమ్యూనిటీ పెంచుతాయని అమ్మే పొడులూ కషాయాలూ దీనికి మందు కావు. లోపలికి వచ్చేదాన్ని ఆపడమే మందు.

ఆపితే ఎంత త్వరగా ఫలితం ఉంటుందన్నది రసాయనాన్ని బట్టి ఉంటుంది. బీపీఏ చాలావరకు ఒక్క రోజులో మూత్రంలో పోతుంది, థాలేట్లు ఒకటి రెండు రోజుల్లో పోతాయి. మనం రోజూ మళ్లీ నింపుకుంటున్నాం కాబట్టే అవి ఎప్పుడూ ఒంట్లో ఉంటున్నాయి. పీఫాస్‌లో ఒకటైన పీఫోవా సగం తగ్గడానికే రెండు నుంచి నాలుగేళ్లు, డయాక్సిన్లకు ఏడు నుంచి పదకొండేళ్లు పడుతుంది. మొదటి రెండింటి విషయంలో ఈ రోజు మారితే ఈ వారమే తేడా ఉంటుంది. తర్వాతి రెండింటి విషయంలో అసలు లోపలికి రానివ్వకూడదు.

ఇంట్లో గర్భిణి గానీ, మూడేళ్లలోపు పిల్లలు గానీ ఉంటే కింది పనులు వాళ్లతోనే మొదలుపెట్టండి. రోగనిరోధక వ్యవస్థ కట్టుబడి జరిగేది ఆ వయసులోనే. పునాదిలో పడ్డ తేడా పెద్దయ్యాక సర్దుకోవడం కష్టం.

మొదటి పని: వేడినీ నూనెనూ ప్లాస్టిక్‌కు దూరం పెట్టండి

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ అంతా ఒకేసారి పారేయకండి. అంత ఖర్చూ అక్కర్లేదు, అది నిలవదు కూడా. పప్పులు, బియ్యం, పచ్చి కూరగాయలు ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంటే ఇప్పటికి ఉండనివ్వండి. ముందు వేడివి, నూనెవి, పుల్లటివి తీయండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయిదు కుటుంబాలవాళ్లు మూడు రోజులు ప్యాకేజీ లేని తాజా వంట తిని, ప్లాస్టిక్‌కు దూరంగా ఉంటే వాళ్ల మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. డీఈహెచ్‌పీ అనే థాలేట్ ఆనవాళ్లు సగానికి పైగా తగ్గాయి. మూడు రోజుల్లోనే.

పార్సిల్‌కు వెళ్లేటప్పుడు స్టీలు క్యారియర్ పట్టుకెళ్లండి. నలుగురికి సాంబారుకు లీటరు గిన్నె, చట్నీకి పావు లీటరుది సరిపోతాయి. బండిలో ఎప్పుడూ ఒక సెట్టు పెట్టుకుంటే మరిచిపోయే బాధ ఉండదు. తప్పక కవర్లో తేవాల్సి వస్తే, గుమ్మం దాటగానే స్టీలు గిన్నెలోకి వంచేయండి. టీ కూడా అంతే, ఫ్లాస్కు తీసుకెళ్లండి, కవర్లో పోయించకండి.

ఇడ్లీ పాత్రలో ప్లేట్ల మీద గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీటు పరిచే అలవాటు కొన్ని హోటళ్లలో వచ్చింది. ఆవిరిలో పది నిమిషాలు ఉడికేటప్పుడు ఆ షీటు, పిండి అంటుకునే ఉంటాయి. 2025లో కర్ణాటక ప్రభుత్వం దీన్ని నిషేధించింది. ఇడ్లీని తిరగేసి చూడండి. గుడ్డ మీద ఉడికినదానికి అడుగున నేత గళ్లు పడతాయి, గుడ్డ లేకుండా నూనె రాసిన గుంటలో ఉడికినది మామూలు నునుపుగా ఉంటుంది. అద్దంలా మెరుస్తూ, సన్నటి ముడతల గీతలు కనిపిస్తే ఏం పరిచారో అడగండి.

ఆవకాయ విషయానికొస్తే, నూనె, ఉప్పు, పులుపు కలిసి ఏడాది పాటు ఒకే డబ్బాలో ఊరే పదార్థం ఇది. ప్లాస్టిక్ నుంచి ముందుగా మార్చాల్సింది దీన్నే. జాడీ గానీ, వెడల్పు మూతి గాజు సీసా గానీ వాడండి. జాడీ కొనేటప్పుడు లోపలి వైపు రంగు పూతలు, బొమ్మలు లేనిది చూడండి, కొన్ని రంగు పూతల్లో సీసం ఉంటుంది. గాజు సీసాలోనూ ఒక తిరకాసు ఉంది. రేకు మూత లోపల మెత్తటి రబ్బరులా కనిపించే రింగు చాలాసార్లు పీవీసీది. మెత్తదనం కోసం దాన్లో కలిపినవి నూనె తగిలితే కరిగి వస్తాయి. అందుకని సీసాను అంచుదాకా నింపకుండా పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి, సీసాను పడుకోబెట్టకండి.

మైక్రోవేవ్ సేఫ్ అని రాసున్న ప్లాస్టిక్ గిన్నె అంటే అది కరగదని మాత్రమే, రసాయనాలు దిగవని కాదు. అన్నం గాజు గిన్నెలోనో, పింగాణీ ప్లేటులోనో వేడిచేయండి. పిల్లల లంచ్‌బాక్స్ ప్లాస్టిక్‌దే అయితే, కూర చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే సర్దండి.

20 లీటర్ల నీళ్ల క్యాను

క్యాను ఖాళీ అయ్యాక తిరగేసి అడుగు చూడండి. బాణాల త్రికోణంలో 7 అంకె, దాని కింద పీసీ అన్న ఇంగ్లిషు అక్షరాలు ఉంటే అది పాలీకార్బొనేట్, అంటే బీపీఏతో చేసే ప్లాస్టిక్. 7 ఒక్కటే ఉంటే చాలదు, మిగతా ఆరింటిలో చేరని ప్లాస్టిక్‌లన్నిటికీ అదే అంకె. 1 ఉంటే పెట్, అంటే బీపీఏతో చేయని ప్లాస్టిక్. అడుగున ఏమీ కనిపించకపోతే గోడ మీద వేలితో కొట్టి చూడండి. పాలీకార్బొనేట్ బిగువుగా టంగుమంటుంది, పెట్ బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది.

పాలీకార్బొనేట్ క్యాను కొత్తగా, చల్లగా ఉన్నంతకాలం దిగేది తక్కువ. ఎండలో ట్రాలీ ఆటో మీద గంటలు గంటలు నిలబడ్డది, లోపల గీతలు పడి మసకబారినది, వేడినీళ్లతోనో ఘాటైన సోడాతోనో కడిగినది అయితే దిగేది పెరుగుతుంది. క్యానులు ఎండ ఎక్కకముందే వేయమని చెప్పండి. మసకబారినది వస్తే మార్చమని అడగండి. నీళ్లు వచ్చిన రోజే స్టీలు బిందెలోకో మట్టికుండలోకో పోసుకోండి. క్యానును ఇంట్లో కడగాల్సి వస్తే చన్నీళ్లే వాడండి, పీచు పెట్టి తోమకండి.

బీపీఏ లేదు అన్న లేబుల్ చూసి నిశ్చింత పడొద్దు. దాని స్థానంలో తరచూ బీపీఎస్, బీపీఎఫ్ వాడతారు. అణువు నిర్మాణం దాదాపు అదే, ఈస్ట్రోజెన్‌లా నటించడమూ అదే. పసిపిల్లల సీసా విషయంలో స్టీలు, గాజు తప్ప వేరే ఆలోచన పెట్టుకోకండి. పాలపొడి కలపడానికి కనీసం 70 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు కావాలి, లేకపోతే పొడిలోని బ్యాక్టీరియా చావదు. మరగబెట్టిన నీళ్లను అరగంట దాటకుండా స్టీలు గిన్నెలో పొడితో కలిపి, గోరువెచ్చగా చల్లార్చి, అప్పుడు సీసాలో పోయండి. వేడి తగ్గించి కలపడం మాత్రం వద్దు, అది ఇంకా పెద్ద ప్రమాదం.

విదేశాల్లో ఉన్నవాళ్లకు టిన్నుల వాడకం ఎక్కువ: టమాటాలు, శనగలు, కొబ్బరిపాలు, మామిడి గుజ్జు. టిన్నుల లోపలి పూత చాలాకాలం బీపీఏతోనే చేశారు. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో దాన్ని ఆహారం తగిలే వస్తువుల్లో నిషేధించి, పరిశ్రమకు గడువులు ఇచ్చింది. ఎండు శనగలు రాత్రి నానబెట్టి కుక్కర్లో ఉడికించుకుంటే ఈ గొడవే ఉండదు.

రెండో పని: పీఫాస్‌ను గుమ్మం బయటే ఆపండి

నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా పెద్ద మంట మీద వదిలేయకండి. కొద్ది నిమిషాల్లోనే దాని వేడి 260 డిగ్రీలు దాటి పూత విడిపోవడం మొదలవుతుంది. గీతలు పడి పెచ్చులూడుతుంటే మార్చేయండి. పీఫోవా లేదని రాసున్నా, అదే కుటుంబంలోని ఇంకొకటి ఉండొచ్చు.

దోసెలకు పోత ఇనుప పెనమే మేలు. కొత్తదాన్ని బియ్యం కడిగిన నీళ్లలో రెండు మూడు రోజులు, రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టండి. తోమి, పొయ్యి మీద తడి పూర్తిగా ఆరనిచ్చి, అర చెంచా నువ్వుల నూనె వేసి గుడ్డతో తుడిచేస్తున్నట్టుగా పల్చగా పూయండి. పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చండి. ఇలా నాలుగు సార్లు. మొదటి దోసెకు ముందు సగం కోసిన ఉల్లిపాయతో రుద్దండి. దోసె అంటుకుంటోందంటే కారణం సాధారణంగా రెండింటిలో ఒకటి: నూనె మందంగా పూయడం వల్ల జిగురు కట్టి ఉంటుంది, లేదా పెనం కాలకముందే పిండి వేసి ఉంటారు. జిగురు కడితే ఉప్పుతో రుద్ది మళ్లీ మొదలుపెట్టండి.

నూనె అంటని కాగితాల్లో, మైక్రోవేవ్ పాప్‌కార్న్ సంచుల్లో పీఫాస్ పూత ఉండే అవకాశం ఉంది. చిన్న పరీక్ష చేయండి. కాగితం మీద ఒక చుక్క నూనె వేయండి. పీల్చుకుని మరక పడితే మామూలు కాగితం. ముత్యంలా గుండ్రంగా నిలబడితే ఏదో పూత ఉంది, వేడి పదార్థాలకు అది వద్దు. అలాగని బజ్జీలు వార్తాపత్రికలో కట్టించుకోకండి. అచ్చు సిరా వల్ల దాన్ని తిండికి వాడకూడదని మన ఆహార భద్రతా ప్యాకేజింగ్ నిబంధనలే చెబుతున్నాయి. అరిటాకు, మోదుగాకు విస్తరి శ్రేష్ఠం. విస్తరి కొనేటప్పుడు వేలిగోటితో గీకి చూడండి, పైన ప్లాస్టిక్ పొర అతికించినవి వస్తున్నాయి.

అమెరికాలో ఉంటే మీ ఊరి నీటి నివేదిక తెప్పించి చూడండి. తాగునీటిలో పీఫోవా, అదే కుటుంబంలోని పీఫోస్ ఒక్కోటి లీటరుకు 4 నానోగ్రాములు మించకూడదని అక్కడి పర్యావరణ సంస్థ 2024లో పరిమితి పెట్టింది. ఫిల్టర్ కొంటే, నీటి ఫిల్టర్లను పరీక్షించే సంస్థ అయిన ఎన్‌ఎస్‌ఎఫ్ 53 లేదా 58 ప్రమాణం కింద పీఫాస్‌ను తగ్గిస్తుందని ధ్రువీకరించినదే తీసుకోండి. ఆర్‌వో బాగా పనిచేస్తుంది. మరగబెడితే పీఫాస్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

బిల్లులు, టికెట్లు

సూపర్‌మార్కెట్ బిల్లు, ఏటీఎం చీటీ, మిషన్లో వచ్చే బస్సు టికెట్ మీద గోటితో గట్టిగా గీయండి. నల్లటి గీత పడితే అది థర్మల్ కాగితం. అచ్చు పడేలా చేసే బీపీఏ గానీ బీపీఎస్ గానీ దాని పైపొరలో దేనికీ అతుక్కోకుండా పొడిలా ఉంటుంది. శానిటైజరో క్రీమో రాసుకున్న చేత్తో ముట్టుకుంటే చర్మంలోంచి లోపలికి వెళ్లేది బాగా పెరుగుతుంది. చేతులు ఖాళీ లేవని టికెట్‌ను పెదాల మధ్య పెట్టుకోకండి, పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వకండి, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. రోజంతా బిల్లులు చింపే ఉద్యోగమైతే నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి. గర్భంతో ఉన్న క్యాషియర్‌కు ఆ కొన్ని నెలలు వేరే పని ఇప్పించగలిగితే ఇంకా మంచిది.

ఒంటికి రాసుకునేవి, ఇంట్లో గుబాళించేవి

లేబుల్ మీద పరిమళం అనే అర్థంలో ఫ్రాగ్రెన్స్ లేదా పర్ఫ్యూమ్ అన్న ఒక్క మాట ఉంటే దాని వెనుక ఏమున్నాయో కంపెనీ చెప్పనక్కర్లేదు. సువాసన నిలిచి ఉండడానికి కలిపే డైఇథైల్ థాలేట్ చాలాసార్లు అక్కడే ఉంటుంది. అగరబత్తుల సెంటులోనూ ఇది కలుస్తుంది. కాలిఫోర్నియాలో వంద మంది అమ్మాయిలు థాలేట్లు, సరుకు పాడవకుండా కలిపే పారాబెన్లు, క్రిములను చంపడానికి కలిపే ట్రైక్లోసాన్ లేని క్రీములు, షాంపూలకు మూడు రోజులు మారితే ఆ థాలేట్ ఆనవాలు 27 శాతం, మిథైల్ పారాబెన్ 44 శాతం, ట్రైక్లోసాన్ 36 శాతం తగ్గాయి.

ముందుగా మానాల్సినవి ఒంటి మీదే ఉండిపోయేవి: బాడీ లోషన్, పౌడరు, డియోడరెంట్. కడిగేసే సబ్బు తర్వాత సంగతి. పసిపిల్లలకు సెంటు పౌడరు అసలు వద్దు, నలుగుకు ఇంట్లో పట్టించిన సున్నిపిండి చాలు. పూజకు దీపం, కర్పూరం ఉన్నాయి కదా. అగరబత్తి తప్పదనుకుంటే ఒకటే వెలిగించి కిటికీ తెరవండి. రూమ్ ఫ్రెషనర్ వల్ల గదికి ఒరిగేది ఏమీ లేదు, తీసేయండి.

దుమ్ము, పొగ

పీవీసీ మ్యాట్ల నుంచి, వైర్ల నుంచి, ఫోమ్ పరుపుల నుంచి వచ్చేవన్నీ చివరికి నేల మీది దుమ్ములో చేరతాయి. పాకే బిడ్డ ఆ చేతినే నోట్లో పెట్టుకుంటుంది. చీపురుతో పొడిగా ఊడిస్తే దుమ్ము గాల్లోకి లేచి గంటకు మళ్లీ కిందికి దిగుతుంది. తడిగుడ్డతో తుడవండి. పిల్లలు పాకే గదిని రోజూ, మిగతావి రెండు మూడు రోజులకోసారి.

ప్లాస్టిక్ చెత్త కాల్చకండి. పీవీసీ పైపు ముక్క, వైరు తొడుగు సగం సగం కాలే మంటలో డయాక్సిన్లను పుట్టిస్తాయి. అవి బూడిదలో పడి, గడ్డి మీద వాలి, పశువుల పాలలోకి, కోడిగుడ్లలోకి చేరి మళ్లీ మన కంచంలోకే వస్తాయి. భోగి మంటలో పిడకలు, ఎండు కట్టెలు, పాత చెక్క వేయండి. టైరు, కుర్చీ విరిగిన ముక్కలు, రంగు వేసిన తలుపు చెక్కలు వేయనివ్వకండి. చుట్టూ చేరేది పిల్లలే.

కూరగాయలు

లీటరు నీళ్లకు 10 గ్రాముల వంటసోడా, అంటే రెండు చిన్న చెంచాలు కలిపి కూరగాయలను పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు నానబెట్టి, పారే నీళ్లలో కడగండి. యాపిల్ పండ్ల మీద చేసిన ప్రయోగంలో ఇది తొక్క మీది పురుగుమందులను మామూలు నీళ్లకంటే బాగా వదలగొట్టింది. తొక్క లోపలికి ఇంకినదాన్ని తీయలేదు. బట్టల సోడా వేరు, దాన్ని వాడకూడదు.

టీకాలు, పాలు, వైద్యం

ఇదంతా చదివి టీకాల మీద అనుమానం పెంచుకోవద్దు. పీఫాస్ వల్ల యాంటీబాడీలు తగ్గే ప్రమాదం ఉందంటే, ఒక్క డోసు కూడా తప్పిపోకూడదనే దాని అర్థం. 16-24 నెలల మధ్య, 5-6 ఏళ్లకు డీపీటీ బూస్టర్లు, 10, 16 ఏళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. పెద్ద పిల్లలకు వేసే టీడీనే ఎక్కువమంది మరిచిపోయేది, ఇంట్లో టీకా కార్డు తీసి చూడండి.

ఈ రసాయనాలు కొంత తల్లిపాలలోనూ ఉంటాయి. అయినా బిడ్డకు సిద్ధమైన యాంటీబాడీలు ఇచ్చేది ఆ పాలే కాబట్టి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలి. ఆసుపత్రి సెలైన్ గొట్టాల్లో థాలేట్లు ఉంటాయని చికిత్స వద్దనకండి. నెలలు నిండని శిశువైతే డీఈహెచ్‌పీ లేని గొట్టాలు దొరుకుతాయేమో డాక్టరును అడగొచ్చు.

డీటాక్స్ కిట్లు కొనకండి, బీపీఏనూ థాలేట్లనూ మీ కాలేయం, మూత్రపిండాలు ఉచితంగానే బయటికి పంపుతాయి. మూత్ర పరీక్షకు డబ్బు పెట్టడమూ దండగే. బీపీఏ పొద్దున ఒక అంకె, సాయంత్రం ఇంకో అంకె చూపిస్తుంది. బిడ్డకు తరచూ చెవిలో చీము, ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, మానని పుండ్లు ఉంటే మాత్రం ప్లాస్టిక్ డబ్బాల మీద నెపం వేసి కూర్చోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలకు వేరే పరీక్షలు, వేరే వైద్యం ఉన్నాయి.